చేబదుళ్ల గొలుసు: జంతికల డబ్బా నుంచి యాంటీఆక్సిడెంట్ మాత్ర దాకా

సంక్రాంతికి చేసిన జంతికల డబ్బా ఒకటి మా ఇంట్లో అటక మీద అలాగే ఉండిపోయింది. ఉగాదికి ఇల్లు దులుపుతుంటే దొరికింది. బూజు లేదు, పురుగు లేదు, మెత్తబడనూ లేదు. చూడ్డానికి నిన్న వేయించినట్టే ఉన్నాయి. మూత తీశాక మాత్రం ఎవరూ చెయ్యి పెట్టలేదు. గొంతుకు పట్టేసే పాత నూనె వాసన. "నూనె పాడైపోయింది" అని అమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది.

ఆ డబ్బాలో రెండు నెలలపాటు ఏం జరిగిందో తెలిస్తే, మందుల షాపుల్లోనూ టీవీ ప్రకటనల్లోనూ రోజూ వినపడే మూడు మాటలు సగం అర్థమైనట్టే: ఫ్రీ రాడికల్స్, ఆక్సిడేటివ్ స్ట్రెస్, యాంటీఆక్సిడెంట్లు. మిగతా సగం దగ్గరే అసలు చిక్కు. శరీరం జంతికల డబ్బా కాదు కదా.

అణువుల్లో ఎలక్ట్రాన్లు మామూలుగా జంటలు జంటలుగా ఉంటాయి. ఏ కారణంతోనైనా ఒక ఎలక్ట్రాన్ ఒంటరిగా మిగిలితే ఆ అణువును ఫ్రీ రాడికల్ అంటారు. 1900లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో మోజెస్ గాంబర్గ్ అనే రసాయన శాస్త్రవేత్త కార్బన్‌తో ఇలాంటి అణువును తయారుచేసి చూపించేదాకా, అలాంటిది ఉండే వీలే లేదని చాలామంది అనుకునేవారు. ఒంటరి ఎలక్ట్రాన్ ఉన్న అణువు సాధారణంగా కుదురుగా ఉండదు. పక్క అణువు నుంచి ఒకటి లాక్కుంటుంది. దీని లోటు తీరుతుంది, పక్కదానికి లోటు వస్తుంది. అది తన పక్కదాని మీద పడుతుంది.

నెలాఖరులో చేబదుళ్లు తిరిగినట్టు తిరుగుతుంది ఈ వ్యవహారం. ఒకడు పక్కింటాయన దగ్గర తీసుకుంటాడు, ఆయన ఎదురింటాయన్ని అడుగుతాడు, ఆయన వీధి చివర ఇంకొకర్ని. లోటు ఒక్కటే, ఇల్లు మారుతూ పోతుంది. జంతికల నూనెలో జరిగింది ఇదే. నూనెలోని కొవ్వు ఆమ్లాల్లో కొన్ని చోట్ల హైడ్రోజన్ వదులుగా ఉంటుంది. వెలుతురో, వేడో, మూకుడులోంచి చేరిన కాస్త ఇనుమో తోడైతే అది తన ఎలక్ట్రాన్‌తో సహా ఊడిపోతుంది. ఊడిన చోట ఆక్సిజన్ వచ్చి అతుక్కుంటుంది. అలా పుట్టిన కొత్త రాడికల్ పక్క కొవ్వు ఆమ్లం నుంచి హైడ్రోజన్ లాగుతుంది. ఆక్సిజన్ అంటుకున్న అణువులు చివరికి విరిగి చిన్న చిన్న ముక్కలవుతాయి. గాలిలోకి లేచి మన ముక్కుకు తగిలేవి ఆ ముక్కలే.

ఇందులో ఒక విశేషం ఉంది. నూనె రోజుకింత చొప్పున పాడవదు. చాలాకాలం బాగానే ఉండి, ఉన్నట్టుండి పాడవుతుంది. అప్పటిదాకా నూనెలో సహజంగా ఉన్న విటమిన్ ఇ ఎక్కడికక్కడ గొలుసు తెంపుతూ వస్తుంది. అది అయిపోయిన రోజు నుంచి ఆపేవాడు ఉండడు. అడిగినవాడికి చేబదులు ఇచ్చేసి, తాను మాత్రం ఇంకెవరి గుమ్మమూ ఎక్కకుండా కూర్చోగల పెద్దమనిషి లాంటి అణువు విటమిన్ ఇ. ఎలక్ట్రాన్ ఇచ్చాక అదీ రాడికలే అవుతుంది, కానీ నెమ్మదైన రాడికల్. యాంటీఆక్సిడెంట్ అనే మాటకు నాకు తెలిసి ఇంతకంటే సులువైన అర్థం లేదు.

ఆవకాయకు నువ్వుల నూనే కావాలని పెద్దవాళ్లు పట్టుబట్టడం వెనుకా ఈ సంగతి ఉంది. కోస్తా ఇళ్లలో పప్పునూనె అనే ఈ నూనెలో సెసమాల్, సెసమోలిన్ లాంటి పదార్థాలు విటమిన్ ఇతో కలిసి గొలుసును ఆపుతాయి. పచ్చడి బూజు పట్టకుండా చూసేవి ఉప్పూ పులుపూ ఘాటూ. జాడీలో పైకి తేలిన నూనె నెలల తరబడి పాత వాసన రాకుండా చూసేది ఈ సరుకు. చిప్స్ కంపెనీవాళ్లు ఇదే పనిని రెండు రకాలుగా చేస్తారు. ప్యాకెట్లో ఆక్సిజన్ లేకుండా నైట్రోజన్ నింపుతారు, నూనెలో టీబీహెచ్‌క్యూ లాంటి యాంటీఆక్సిడెంట్ కలుపుతారు. ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్లో ‘యాంటీఆక్సిడెంట్, ఐఎన్‌ఎస్ 319’ అని ఉంటే అది ఇదే. ఆ మాట తినేవాడి ఆరోగ్యం గురించి కాదు, నూనె ఆరోగ్యం గురించి.

మనం ఎందుకు పాడవడం లేదు?

ఇప్పుడు శరీరం సంగతి. మన ప్రతి కణానికీ చుట్టూ ఉన్న పొర కొవ్వుతో చేసిందే. మెదడులో అయితే తేలిగ్గా పాడయ్యే రకం కొవ్వు మరీ ఎక్కువ. దానికి 37 డిగ్రీల వేడి, ఊపిరి తీసిన ప్రతిసారీ అందే ఆక్సిజన్, రక్తం నిండా ఇనుము. అటక మీది డబ్బాకంటే ఎన్నో రెట్లు ప్రమాదకరమైన పరిస్థితి. లెక్కప్రకారం మనం వారంలో పాత వాసన రావాలి. ఎనభై ఏళ్లు ఎలా నిలబడుతున్నాం?

ముందు గొలుసు ఎక్కడ మొదలవుతుందో చూద్దాం. కణంలో శక్తిని తయారుచేసే భాగమైన మైటోకాండ్రియాలో మనం తిన్న అన్నం నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లు మెట్టు మెట్టుగా దిగి చివరికి ఆక్సిజన్‌ను చేరతాయి. ఒక ఆక్సిజన్ అణువు నాలుగు ఎలక్ట్రాన్లు తీసుకుంటే నీరవుతుంది. అంతవరకు మంచిదే. దారిలో ఎక్కడైనా ఒక్క ఎలక్ట్రాన్ జారి ముందే ఆక్సిజన్‌కు దొరికితే సూపరాక్సైడ్ అనే ఫ్రీ రాడికల్ పుడుతుంది. రెండు దొరికితే హైడ్రోజన్ పెరాక్సైడ్. మూడు దొరికితే హైడ్రాక్సిల్ రాడికల్, వీటన్నిటిలోకీ పరమ మొండిది. పీల్చిన ఆక్సిజన్‌లో 1 నుంచి 2 శాతం ఇలా దారి తప్పుతుందని చాలా చోట్ల రాస్తారు. అది శరీరం నుంచి విడదీసిన మైటోకాండ్రియాకు పుష్కలంగా ఆక్సిజన్ పెట్టి కట్టిన లెక్క. ఒంట్లో జారేది అంతకంటే చాలా తక్కువ.

బయటి నుంచి వచ్చేవీ ఉన్నాయి. ఒక్క సిగరెట్ దమ్ములో ఉండే రాడికల్స్‌ను లక్షల్లో, కోట్లలో చెప్పలేం. 1 పక్కన 15 సున్నాలు పెట్టాలి. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే పెద్దమ్మలు ఇంకా కనిపిస్తారు. ఆ అడ్డపొగ అంగిలికి ఏం చేస్తుందో అక్కడి దంత వైద్యులను అడిగితే చెబుతారు.

మన రక్షణ ఏమిటో చూడాలంటే ఏ ల్యాబూ అక్కర్లేదు. మోకాలు గీసుకున్నప్పుడు దూదితో హైడ్రోజన్ పెరాక్సైడ్ అద్దితే బుస్సుమని తెల్లటి నురగ వస్తుందే, అదే. మందు గాయాన్ని కడుగుతోందని చిన్నప్పుడు అనుకునేవాళ్లం. నిజానికి మన రక్తంలోని కెటలేజ్ అనే ఎంజైమ్ ఆ మందును నీరుగా, ఆక్సిజన్‌గా విరగ్గొడుతోంది. ఒక్క కెటలేజ్ అణువు సెకనుకు లక్షల్లో పెరాక్సైడ్ అణువులను విరిచేస్తుంది. అదే మందును సీసా మూతలో పోస్తే నురగ రాదు. యాంటీఆక్సిడెంట్ అంటే మనకు క్యాప్సూలో గ్రీన్ టీయో గుర్తొస్తుంది కానీ, కళ్లెదుట పనిచేస్తూ కనిపించే యాంటీఆక్సిడెంట్ మన నెత్తురులోనే ఉంది.

దానికంటే ఒక మెట్టు ముందు పనిచేసేది సూపరాక్సైడ్ డిస్మ్యూటేజ్. దీని కథ నాకు ఇష్టం. ఎద్దు రక్తంలో రాగి ఉన్న ఒక ప్రోటీన్‌ను 1938లోనే వేరుచేశారు. అది ఏం పని చేస్తుందో ఎవరికీ తెలియదు. రాగిని దాచుకునే గిడ్డంగి కాబోలు అనుకుని ముప్పై ఏళ్లు వదిలేశారు. 1969లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జో మెకార్డ్ అనే విద్యార్థి, ఆయన గురువు ఇర్విన్ ఫ్రిడోవిచ్ దాని అసలు పనేమిటో పట్టుకున్నారు: సూపరాక్సైడ్‌ను పుట్టిన వెంటనే తీసేయడం. అప్పటిదాకా ఫ్రీ రాడికల్స్ అంటే రేడియేషన్‌వాళ్ల గొడవే అనుకున్నవాళ్లు ఉలిక్కిపడ్డారు. వాటిని తీసేయడానికి ఒక ఎంజైమ్ ఉందంటే అవి ఒంట్లో మామూలుగానే పుడుతున్నాయనే కదా. మైటోకాండ్రియాలో ఉండే ఇదే రకం ఎంజైమ్ లేకుండా పుట్టించిన ఎలుక పిల్లలు ఎక్కువ రోజులు బతకలేదు.

హైడ్రాక్సిల్ రాడికల్ సంగతి వేరు. అది పుట్టిన చోటే, కన్నుమూసి తెరిచేంత కూడా కాదు, సెకనులో వంద కోట్లో వంతు సమయంలో ఎదురైన మొదటి అణువును కాటేస్తుంది. అది కొవ్వు కావచ్చు, ప్రోటీన్ కావచ్చు, డీఎన్ఏ కావచ్చు. ఎన్ని నారింజలు తిన్నా దాన్ని దారిలో పట్టుకోవడం కుదరదు, దానికి దారంటూ ఉంటే కదా. శరీరం దాన్ని పట్టుకోవడానికి ప్రయత్నించదు, పుట్టకుండా చూస్తుంది. పెరాక్సైడ్‌కు విడి ఇనుము తగిలితే హైడ్రాక్సిల్ పుడుతుంది కాబట్టి ఇనుమును ఫెరిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రోటీన్లలో తాళం వేసి ఉంచుతుంది. ఇనుమును దాచడం కూడా యాంటీఆక్సిడెంట్ పనే. దాన్ని సీసాలో పెట్టి అమ్మలేరు కాబట్టి ప్రకటనల్లో రాదు.

చివరికి ఎవరి జేబు?

విటమిన్ ఇ చేబదులు ఇచ్చి కూర్చుందన్నాం. అలా కూర్చుంటే రెండోసారి పనికిరాదు. దానికి విటమిన్ సి వచ్చి ఎలక్ట్రాన్ తిరిగి ఇస్తుంది. విటమిన్ సి లోటును ఎక్కువగా గ్లూటాథయోన్ తీరుస్తుంది. ఇది మన కణాలు సొంతంగా తయారుచేసుకునే చిన్న అణువు. గ్లూటాథయోన్ లోటును ఎన్ఏడీపీహెచ్ అనే మరో అణువు తీరుస్తుంది. దానికి ఎక్కడిది? తిన్న అన్నంలోని గ్లూకోజ్ నుంచి, జీ6పీడీ అనే ఎంజైమ్ సాయంతో. కాబట్టి ఈ అప్పులన్నీ చివరికి తీరేది అన్నం డబ్బుతోనే.

ఇది పుస్తకాల్లో మాట కాదనడానికి కలరా ఉండలే సాక్ష్యం. పెట్టెలో బట్టల మధ్య వేసే నాఫ్తలీన్ ఉండలవి. కొందరిలో పుట్టుకతోనే జీ6పీడీ తక్కువ. ఎర్ర రక్తకణానికి మైటోకాండ్రియా ఉండదు, ఎన్ఏడీపీహెచ్ కోసం అది ఈ ఒక్క దారి మీదే ఆధారపడుతుంది. అలాంటి పసిబిడ్డకు కలరా ఉండలు వేసి దాచిన పాత బట్టలు తీసి అలాగే తొడిగితే, ఆ వాసనతో లోపలికి వెళ్లిన పదార్థం రక్తకణాల్లో గ్లూటాథయోన్‌ను ఖాళీ చేస్తుంది. తిరిగి నింపేవాడు లేడు. కణాలు పగిలిపోతాయి. బిడ్డకు కామెర్లు వస్తాయి, మూత్రం డికాక్షన్ రంగులోకి మారుతుంది. ఏజెన్సీ ప్రాంతాల్లో వైవాక్స్ మలేరియాకు 14 రోజుల ప్రైమాక్విన్ ఇచ్చేటప్పుడు డాక్టర్లు భయపడేది కూడా దీనికే. మొదట్లోనే మూత్రం నల్లబడితే మాత్ర ఆపి వెంటనే రమ్మని చెప్పాలి.

పారాసిటమాల్ కథా ఇలాంటిదే. మామూలు మోతాదులో దాన్నుంచి పుట్టే కాస్త విషాన్ని కాలేయంలోని గ్లూటాథయోన్ అక్కడికక్కడే సర్దేస్తుంది. మోతాదు మించితే ఖజానా ఖాళీ అయి కాలేయం దెబ్బతింటుంది. అప్పుడు ఆసుపత్రిలో ఇచ్చేది ఎన్-అసిటైల్ సిస్టీన్, అంటే గ్లూటాథయోన్ తయారీకి ముడిసరుకు. మొదటి 8 గంటల్లో ఇస్తే బాగా పనిచేస్తుంది. యాంటీఆక్సిడెంట్ తరహా మందు నిస్సందేహంగా ప్రాణం కాపాడే చోటు ఏదంటే నేను దీన్నే చెబుతాను. జ్వరం మాత్రతో పాటు జలుబు మాత్ర కూడా వేసుకునేవాళ్లు రెండింటిలోనూ పారాసిటమాల్ ఉందేమో ఒకసారి చూసుకోండి.

దీనికి పూర్తిగా వ్యతిరేకం గడ్డి మందు, అంటే పారాక్వాట్. ఎండలో ఆకు మీద పడితే అది ఆకులోని ఎలక్ట్రాన్‌ను తీసుకుని ఆక్సిజన్ చేతిలో పెడుతుంది, మళ్లీ ఖాళీ అయి ఇంకోటి తీసుకుంటుంది. తాను ఖర్చు కాకుండా సూపరాక్సైడ్ పుట్టిస్తూనే ఉంటుంది. సాయంత్రానికి గడ్డి మాడిపోతుంది. పొరపాటున మనిషి లోపలికి వెళితే ఊపిరితిత్తుల్లో ఇదే ఆట ఆడుతుంది. అక్కడ ఆక్సిజన్ ఎక్కిస్తే మంటకు గాలి ఊదినట్టే, అందుకే ఆయాసపడుతున్న మనిషికి కూడా డాక్టర్లు ఆక్సిజన్ ఆచితూచి ఇస్తారు. కారణం ఫ్రీ రాడికల్సేనని ఇంత స్పష్టంగా తెలిసిన చోట కూడా విటమిన్ సి, విటమిన్ ఇ నమ్మదగిన విరుగుడుగా నిలబడలేదు. పిచికారీ చేసేటప్పుడు కాస్త నోట్లో పడినా, ఏమీ కాలేదులే అనుకోకుండా ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లాలి. లక్షణాలు ఆలస్యంగా బయటపడతాయి.

విలన్ కాదు

ఇంతవరకు చదివితే ఫ్రీ రాడికల్ అంటే సినిమాలో విలన్ లాగే కనిపిస్తుంది. కానీ మన తెల్ల రక్తకణాలు కావాలనే సూపరాక్సైడ్ తయారుచేస్తాయి. బాక్టీరియాను మింగాక దాన్ని చంపే ఆయుధాల్లో అదొకటి. పుట్టుకతో, ఈ సూపరాక్సైడ్ తయారుచేసే ఎంజైమ్ పనిచేయని పిల్లలున్నారు. ఆ జబ్బును క్రానిక్ గ్రాన్యులోమాటస్ డిసీజ్ అంటారు. మామూలు చీముపొక్కు, గాలిలోని బూజు కూడా వాళ్లను ఆసుపత్రి పాలు చేస్తాయి. గుండెనొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ ఉంది కదా, దాన్నుంచి ఒంట్లో పుట్టే నైట్రిక్ ఆక్సైడ్ కూడా ఫ్రీ రాడికలే. రక్తనాళాలు సడలడానికి శరీరం వాడే సంకేతం అది. ఆ సంగతి కనిపెట్టినందుకే 1998లో ముగ్గురికి నోబెల్ ఇచ్చారు.

వ్యాయామం సంగతి ఇంకా తమాషా. పరిగెత్తితే రాడికల్స్ పెరుగుతాయి. 2009లో జర్మనీ పరిశోధకులు సుమారు 40 మంది యువకుల చేత నాలుగు వారాలు కసరత్తు చేయించారు. సగం మందికి రోజూ 1000 మిల్లీగ్రాముల విటమిన్ సి, 400 యూనిట్ల విటమిన్ ఇ ఇచ్చారు. మాత్రలు వేసుకోనివాళ్లలో ఇన్సులిన్ బాగా పనిచేయడం మొదలైంది. వేసుకున్నవాళ్లలో ఆ లాభం కనిపించలేదు. కసరత్తులో పుట్టిన ఆ కాస్త రాడికల్సే కండరానికి ‘సర్దుకో, బలపడు’ అని చెప్పే కబురు. మాత్ర ఆ కబురును దారిలోనే చించేసింది.

అందుకే జర్మన్ శాస్త్రవేత్త హెల్ముట్ సీస్ 1985లో ఆక్సిడేటివ్ స్ట్రెస్ అనే మాటకు నిర్వచనం ఇచ్చినప్పుడు రాడికల్స్ ఉండటాన్ని జబ్బు అనలేదు, పుట్టేవాటికీ తీసేసేవాటికీ మధ్య తూకం తప్పడాన్ని అన్నాడు. స్ట్రెస్ అనే మాట విని ఇదేదో ఆఫీసు టెన్షన్ అనుకునేవాళ్లున్నారు, అది వేరు. ఈ తూకం ఒంటికంతటికీ ఒకేసారి తప్పేది కూడా కాదు. షుగర్ ఎక్కువగా ఉన్నవారి రక్తనాళాల గోడల్లో తప్పొచ్చు, అదే మనిషి కండరాల్లో సరిగ్గా ఉండొచ్చు. ఒక రక్త పరీక్ష చేసి ‘మీ ఆక్సిడేటివ్ స్ట్రెస్ ఇంత’ అని నంబర్ చెప్పే ప్యాకేజీలంటే నాకు అందుకే అనుమానం.

మావయ్య క్యాప్సూల్

మా మావయ్య రోజుకు పది సిగరెట్లు తాగేవాడు. ఒకసారి నేను మాట ఎత్తితే, జేబులోంచి క్యాప్సూళ్ల అట్ట తీసి చూపించాడు. "అందుకే కదరా ఇవి వేసుకుంటోంది. అదెంత పాడుచేస్తే ఇదంత బాగుచేస్తుందిట." అట్ట వెనక చదివాను. జింకు, సెలీనియం, రాగి, వాటితో పాటు బీటా కెరోటిన్. నాకు ఫిన్లాండ్ గుర్తొచ్చింది.

ఆ ఫిన్లాండ్ కథకు ముందు కొంచెం వెనక్కి వెళ్లాలి. 1956లో డెన్హమ్ హార్మన్ అనే అమెరికన్, మనం ముసలివాళ్లం కావడానికి ఫ్రీ రాడికల్సే కారణమని రాశాడు. చమురు కంపెనీలో రసాయన శాస్త్రవేత్తగా పనిచేసి తర్వాత డాక్టరైన మనిషి, ఈ గొలుసులు ఆయనకు కొట్టిన పిండి. ఆలోచన ఎంత అందంగా ఉందంటే, అందరూ నమ్మాలనుకున్నారు. రెండు నోబెల్‌లు గెలిచిన లైనస్ పాలింగ్ 1970లో విటమిన్ సిని భుజాన వేసుకున్నాడు. పైగా కూరలు, పళ్లు బాగా తినేవాళ్లకు క్యాన్సర్ తక్కువని సర్వేల్లో కనిపించేది. వాళ్ల రక్తంలో బీటా కెరోటిన్ ఎక్కువగా ఉండేది. ఇంకేం, క్యారెట్ వదిలేసి అందులోని రంగునే మాత్రగా ఇస్తే సరిపోతుందనుకున్నారు.

ఫిన్లాండ్‌లో 50 నుంచి 69 ఏళ్ల మధ్య సిగరెట్ తాగే మగవాళ్లు 29,133 మందిని తీసుకున్నారు. కొందరికి రోజూ 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్, కొందరికి విటమిన్ ఇ, కొందరికి రెండూ, కొందరికి ఉత్తుత్తి మాత్ర. ఐదు నుంచి ఎనిమిదేళ్లు నడిపారు. 1994లో ఫలితం వచ్చేసరికి అందరూ నోరు వెళ్లబెట్టారు. బీటా కెరోటిన్ వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు సరికదా, 18 శాతం ఎక్కువగా వచ్చింది. లెక్క తప్పిందేమో అనుకునే లోపే అమెరికాలో 18,314 మందితో, సిగరెట్ తాగేవాళ్లు, మానేసినవాళ్లు, ఆస్‌బెస్టాస్ పనివాళ్లతో నడుస్తున్న మరో పరీక్షలో ఊపిరితిత్తుల క్యాన్సర్లు 28 శాతం, మరణాలు 17 శాతం ఎక్కువ కనిపించాయి. అనుకున్న గడువుకు 21 నెలల ముందే, 1996 జనవరిలో దాన్ని ఆపేశారు. తర్వాత 35,533 మంది మగవాళ్లతో విటమిన్ ఇ, సెలీనియం మీద చేసిన పరీక్షనూ 2008లో మధ్యలోనే నిలిపేశారు. 2011లో మళ్లీ లెక్క చూస్తే విటమిన్ ఇ మాత్రమే వేసుకున్నవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువ.

ఎందుకిలా? పొగతో నిండిన ఊపిరితిత్తుల్లో బీటా కెరోటిన్ తానే ఆక్సీకరణం చెంది, విరిగిన ముక్కలుగా మారి కొత్త గొడవ తెస్తుందన్నది ఒక వివరణ. చేబదులు ఇచ్చే పెద్దమనిషి ఊళ్లో అందరూ ఎగవేతదారులే అయితే తానే అప్పులపాలవుతాడు. రెండో వివరణ నాకు ఇంకా నచ్చుతుంది. దెబ్బతిన్న కణాన్ని చంపేయడానికి శరీరం వాడే సాధనాల్లో ఫ్రీ రాడికల్స్ కూడా ఉన్నాయి. చావాల్సిన కణానికి మనమే రక్షణ కల్పిస్తే అది క్యాన్సర్‌గా ఎదగొచ్చు. యాంటీఆక్సిడెంట్‌కు మంచి కణమేదో చెడ్డదేదో తెలియదు.

అలాగని మాత్రలన్నీ దండగ అనడానికీ లేదు. చైనాలో హెనాన్ రాష్ట్రంలోని లిన్షియన్‌లో పౌష్టికాహారం సరిగా దొరకని 29,584 మందితో ఒక పరీక్ష చేశారు. 1993లో వచ్చిన ఫలితం ప్రకారం, బీటా కెరోటిన్, విటమిన్ ఇ, సెలీనియం కలిపి తీసుకున్నవాళ్లలో మొత్తం మరణాలు 9 శాతం తగ్గాయి. అవే పదార్థాలు. లోటున్న చోట లోటు తీర్చాయి, నిండుగా ఉన్న చోట తూకం తప్పించాయి. కంటిచూపు మధ్యభాగం దెబ్బతినే వయసు జబ్బు ఒక స్థాయికి చేరినవారిలో, అది ముదిరే అవకాశాన్ని విటమిన్ సి, ఇ, బీటా కెరోటిన్, జింకు కలిసిన మందు సుమారు 25 శాతం తగ్గిస్తుందని 2001లో తేలింది. కంటి డాక్టర్ అది రాస్తే వేసుకోవాల్సిందే. తర్వాత 2013లో ఆ మందులో బీటా కెరోటిన్ తీసేసి దాని స్థానంలో ల్యూటిన్, జియాజాంథిన్ పెట్టారు. సిగరెట్ తాగేవాళ్ల భయమే కారణం.

హార్మన్ సిద్ధాంతానికీ బీటలు వారాయి. ఆఫ్రికాలో నేల కింద బతికే, ఒంటి మీద వెంట్రుకల్లేని ఒక ఎలుక లాంటి జీవి ఉంది, పేరు నేకెడ్ మోల్ ర్యాట్. దాని ఒంట్లో ఆక్సీకరణ గాయాలు మామూలు చిట్టెలుకకంటే ఎక్కువ. చిట్టెలుక మూడేళ్లకు పోతే, అది ముప్పై దాటి బతుకుతుంది.

మరి గోంగూర సంగతేమిటి?

కూరలు, పళ్లు తినేవాళ్లు ఆరోగ్యంగా ఉంటారన్నది మాత్రం అబద్ధం కాదు. ఫిన్లాండ్ పరీక్షలో కూడా, మొదట్లోనే రక్తంలో బీటా కెరోటిన్ ఎక్కువున్నవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువే. ఆ బీటా కెరోటిన్ కూర తిన్నాడనడానికి గుర్తు. గుర్తును పట్టుకుని కారణం అనుకున్నారు.

ఒక పండులో ఎంత యాంటీఆక్సిడెంట్ ఉందో పరీక్షనాళికలో కొలిచి ఓఆర్ఏసీ అనే నంబర్ ఇచ్చేవారు. అమెరికా వ్యవసాయ శాఖ పెద్ద పట్టిక కూడా పెట్టింది. కంపెనీలు ఆ నంబర్లను డబ్బాల మీద అచ్చేసుకోవడం మొదలుపెట్టాయి. గాజునాళికలో కొలిచింది ఒంట్లోనూ జరుగుతుందనడానికి ఆధారం లేదని చెప్పి 2012లో ఆ శాఖే పట్టికను తీసేసింది. టీలోనూ నేరేడులోనూ ఉండే పాలీఫినాల్స్ అనే యాంటీఆక్సిడెంట్లు రక్తంలోకి చేరేవే తక్కువ, చేరినవాటినీ కాలేయం వేరే రూపంలోకి మార్చేస్తుంది.

మరి అవి చేసే మేలేమిటి? కొంత సమాధానం ఆవపిండిలో ఉంది. ఆవ ఘాటు, ముల్లంగి ఘాటు, మునగాకు చిరుచేదు, వీటిలో ఐసోథయోసయనేట్లు అనే పదార్థాలుంటాయి. ఇవి యాంటీఆక్సిడెంట్లు కావు, కణాన్ని కాస్త గిల్లే రకం. ల్యాబ్‌లో పెంచిన కణాలకు వీటిని తగిలిస్తే ఎన్ఆర్ఎఫ్2 అనే ప్రోటీన్ మేల్కొని, గ్లూటాథయోన్ తయారీకి సంబంధించిన జన్యువులను పనిలోకి దింపుతుంది. అంటే ఆవకాయ బయటి నుంచి చేబదులు ఇవ్వడం లేదు, ఇంట్లోవాళ్లనే పనికి లేపుతోంది. జాడీలు జాడీలు లాగించమని కాదు, అందులో ఉప్పు కూడా ఉంది మరి.

నూనె విషయంలో మాత్రం మనం చేయగలిగింది నేరుగా ఉంది. బజ్జీల బండి మీద పొద్దుటి నుంచి అదే నూనె మరుగుతూ నల్లబడుతుంటే, అక్కడ నడుస్తోంది జంతికల డబ్బా గొలుసే, కాకపోతే నిమిషాల్లో. మళ్లీ మళ్లీ కాచిన నూనెలో పాడైన పదార్థాలు 25 శాతం మించితే వాడకూడదని 2018 జులై నుంచి మన ఆహార భద్రతా సంస్థ నియమం పెట్టింది. బండి దగ్గర కొలిచేవాడు ఉండడు కాబట్టి మన ముక్కే నమ్మకం. ఇంట్లో అయితే చిన్న మూకుడు, కొంచెం నూనె, తక్కువ జంతికలు.

మావయ్యకు ఫిన్లాండ్ కథంతా చెప్పాను. సగం విని "అంటే నా డబ్బులు దండగంటావా" అన్నాడు. దండగే అయితే బాగానే ఉండేది మావయ్యా అన్నాను. డాక్టర్‌ను అడిగి మరీ క్యాప్సూల్ మానేశాడు. సిగరెట్లు పది నుంచి ఆరుకు వచ్చాయిట, అదీ ఆయన లెక్క ప్రకారం. అత్తయ్య లెక్కలో ఇంకా ఎనిమిదే.